ఫారంలో లేని ప్రశ్న

ఎల్లారెడ్డి శివారులో వరి పొలాల పక్కనున్న భూదవ్వ ఇంటికి అనిల రెండోసారి వెళ్లింది. ఊళ్లో గాలికీ ఊపిరితిత్తుల జబ్బులకూ ఉన్న సంబంధం తెలుసుకునే సర్వేలో ఆమె పని చేస్తోంది. వీధి వీధికీ దుమ్ము కొలిచే యంత్రం పెట్టారు. ఇంటింటికీ తిరిగి, ఊపిరి బలం కొలవడానికి జనం చేత గొట్టంలోకి ఊదిస్తున్నారు. భూదవ్వ ఉండే వీధి గాలి అన్నిటికంటే శుభ్రం. వంట గ్యాసు మీదే, ఇంట్లో బీడీ తాగేవాళ్లు లేరు. అయినా ఆమె ఊపిరే అందరికంటే తక్కువ వచ్చింది. సరిగ్గా ఊదలేదేమోనని అనిల మళ్లీ ఊదించింది. అంతే వచ్చింది.

“అవ్వా, మీ ఇంటికాడ గాలి మంచిగనే ఉన్నది. మరి గీ దమ్ము, గీ ఆయాసం ఎందుకొచ్చిందో సమజైతలేదు.”

భూదవ్వ దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుని నవ్వింది. “ఇంటి గాలి మంచిదే బిడ్డా. నేను ఇంట్ల ఎన్నడున్న? ఇరవై నాలుగేండ్లు రైసుమిల్లుల చేసిన. ఊక దుమ్ముకు ఎదురుంగున్న మనిషి కండ్లబడకపోతుండె. మోకాళ్లు పోయినంక గిట్ల ఇంటికాడ కూసున్న.”

అనిల ఫారం తిరగేసింది. వృత్తి అన్నచోట ‘ఇంటిపని’ అని తన చేతిరాతే ఉంది. ఇప్పుడేం చేస్తున్నావని అడిగిందే తప్ప, ఇన్నేళ్లూ ఏం చేశావని అడగలేదు. మిగతా రెండు వందల ఇళ్లలోనూ అడగలేదు.

మర్నాడు బస్సెక్కి కామారెడ్డి వెళ్లి, సర్వే నడిపే డాక్టరు లక్ష్మీరాజానికి భయపడుతూనే చెప్పింది. ఆయన ఫారం తీసుకుని ప్రశ్నలన్నీ మొదటి నుంచి చదివాడు.

“గీ ప్రశ్న పెట్టాల్సింది నేను,” అన్నాడు. “మిల్లుల మింగిన దుమ్మును వీధి గాలి ఖాతాల రాస్తే మొత్తం తప్పైతది. మళ్ల పోవాలె అనిలా. ఏం పని, ఎన్నేండ్లు, ఎసొంటి దుమ్ము, అన్నీ అడుగుదాం.”

ఆరు వారాలు మళ్లీ తిరిగారు. సాలవ్వ ముప్పై ఏళ్లు పొగాకు దుమ్ములో బీడీలు చుట్టింది. భూమేశ్ కంకర మిషను దగ్గర పని చేశాడు. దుమ్ము పనులు చేసినవాళ్లను విడిగా చూస్తే, అప్పటిదాకా కనబడని సంగతి తేలింది. గాలిలో దుమ్ము ఎక్కువున్న బస్సు రోడ్డు పక్కన ఉండేవాళ్లలో ఎన్నడూ దుమ్ము పనికి పోనివాళ్ల ఊపిరి కూడా, శివారులోని అలాంటివాళ్ల కంటే తగ్గి ఉంది. శివారు ఇళ్లలో మిల్లు పనివాళ్లు ఎక్కువ కావడంతో, మొదట రెండు చోట్లా జబ్బు సమానంగా కనిపించింది. అలాగే వదిలేసి ఉంటే, రోడ్డు గాలితో ఏ హానీ లేదని రాసేవాళ్లే.

లక్ష్మీరాజం భూదవ్వను ఛాతీ డాక్టరుకు చూపించి, పీల్చే మందు ఇప్పించాడు. నెల తర్వాత అనిల ఆమెను చూడడానికి వెళ్లింది.

“అవ్వా, నువ్వు చెప్పకుంటే మేమంత తప్పు రాస్తుంటిమి. నీ మేలు మరువ.”

“నా మేలేంది బిడ్డా? ఎన్ని దవాఖానలు తిరిగిన! ఏం పని చేసినవవ్వా అని ఒక్కలు అడగలే. నువ్వు కూసొని ఇన్నవ్.” భూదవ్వ ఆమె చేయి పట్టుకుని లేచింది. “నడు, దుర్గవ్వ ఇంటికి పోదాం. అది నాతోని మిల్లులనే చేసింది. దానికీ గిదే దగ్గు.”

ఇద్దరూ పొలాల పక్క దారిలో మెల్లగా నడిచారు. మందుకు ముందు నాలుగడుగులకోసారి ఆయాసంతో ఆగే భూదవ్వ, ఇప్పుడు మధ్యలో ఒక్కసారే ఆగింది.