పడవ నంబరు

గిలకలదిండి చేపల రేవు నుంచి రిపేరుకొచ్చే ఫోన్లకు తాళం నంబరు అడగక్కర్లేదని శశిధర్ ఎప్పుడో కనిపెట్టాడు. అక్కడివాళ్ళు తెర మీద తమ పడవ ఫోటో పెట్టుకుంటారు. పడవ మీద రాసున్న నంబరులో చివరి నాలుగంకెలే ఫోనుకు తాళం. బందరులో రిపేరు షాపు పెట్టి తొమ్మిదేళ్ళయినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మార్చుకుంటారు.

ఆ రేవులో చేపలమ్మే కొండమ్మ నాలుగు రోజుల క్రితం పగిలిన ఫోను తెచ్చింది.

"అద్దం ఒక్కటే మార్చు బాబూ. లోపల నీకేం పనుండదుగా?"

"నాకెందుకు పిన్నీ," అన్నాడు.

అద్దం వేశాక వేలికి పలుకుతోందో లేదో చూడాలి. తాళం తీయకుండానే చూడొచ్చు. తీశాడు. ఫోటోలు జరిపాడు. రెండు జరిపితే చాలు, ఇరవై దాకా వెళ్ళాడు. చేపల తట్టలు, మనవరాలు, మళ్ళీ తట్టలు. ఆ తర్వాత, రవిక తీసి తనే తీసుకున్న ఫోటో. రొమ్ము పక్కన గడ్డ.

మొదట కలిగింది జాలి కాదు. ఎవరికి పంపిందా అన్న ఆత్రం. వాట్సాప్ తెరిచాడు. గుడివాడలో నర్సుగా చేస్తున్న అక్క కూతురు భార్గవికి పంపింది. కొండమ్మ ఫోను రిపేరుకిచ్చిన రోజే భార్గవి జవాబు రాసింది. కొండమ్మకు అంకెలే తప్ప చదువు రాదు. ఆమెవన్నీ గొంతుతో పంపిన మాటలే.

ఇదంతా మొన్న. ఫోను సిద్ధమైందని కబురు పెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఇవాళ ఆమే వచ్చింది.

"అద్దం నున్నగా ఉందే. నా మొహమే బాలేదు గానీ."

"మెసేజులేమన్నా వచ్చాయేమో చూసుకోండి పిన్నీ."

"మా భార్గవి ఒక సంగతి చెప్పాలి. వాయిస్ రాలేదుగా. ఏం లేదన్నమాటే."

"రాసిందేమో. మీ అబ్బాయితో చదివించండి."

"వాడికి చూపించేది కాదులే," అంటూ ఫోను సంచిలో వేసుకోబోయింది.

ఊరుకోవచ్చు. భార్గవి ఎప్పుడో ఒకప్పుడు ఫోను చేస్తుంది, తన పేరు బయటికి రాదు. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని శశిధర్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

"నేను చదువుతాను."

ఆమె కాసేపు తటపటాయించింది. తర్వాత భార్గవి మెసేజులు తెరిచి, ఫోటో కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పైనున్నది చూడకు. కిందది చదువు."

అతను తల వంచుకుని నేల వైపు చూస్తూ చెప్పాడు. "వెంటనే గుడివాడ రండి పిన్నీ. గడ్డ చూస్తే నాకు భయంగా ఉంది. డాక్టరుగారికి నేను చూపిస్తాను. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు."

చెప్పడం అయ్యాక తల ఎత్తాడు. అరచెయ్యి కింద తెర ఆరిపోయి ఉంది.

"దీపం లేకుండా ఎట్టా చదివావు?" అంది కొండమ్మ.

అతను బల్ల మీది స్క్రూలు ఒక పక్కకి జరిపాడు.

"పడవ నంబరు కొట్టావా?"

"ఊఁ."

"ఫోటో చూశావా?"

"చూశాను పిన్నీ."

"ఎప్పుడు?"

"మొన్న."

కొండమ్మ పైట రెండు భుజాల మీదుగా లాక్కుంది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది అతనికి.

"గుడివాడ బస్సు ఎన్నింటికి?"

"పదిన్నరకి ఒకటుంది."

"నంబరు మార్చే చోటు తీసియ్యి."

తీసిచ్చాడు.

"అటు తిరుగు."

శశిధర్ గోడ వైపు తిరిగాడు. వెనక నాలుగు టిక్కులు వినిపించాయి. ఆగి, మళ్ళీ నాలుగు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయాక కూడా అతను ఇటు తిరగలేదు.