హయాత్ సింగ్ అమ్మని బెల్లం

ఉదయం ఏడు గంటలకు టిబెట్‌లోని తక్లాకోట్ సంతలో మిగిలిన బెల్లం బస్తాలు హయాత్ సింగ్ గర్బ్యాల్‌వి మాత్రమే. ఆ ఏటికి కొండ కనుమ మూసే రోజు అది. మధ్యాహ్నానికల్లా భారత్ నుంచి వచ్చినవాళ్లంతా తిరిగి లిపులేఖ్ కనుమ ఎక్కాలి.

బెల్లం ఎవరూ కొనక మిగల్లేదు. అతను అమ్మలేదు. చైనా యుద్ధంతో మూసిన దారిని ముప్పై ఏళ్ల తర్వాత ఈ వేసవిలోనే తెరిచారు. యుద్ధానికి ముందు అతని ఊరు గర్బ్యాంగ్‌లో ప్రతి ఇంటికీ టిబెట్‌లో ఒక మిత్రుడి ఇల్లు ఉండేది. ఆ ఇంటి ఉన్ని వీళ్లకే, వీళ్ల బెల్లం ఆ ఇంటికే. హయాత్ సింగ్ తండ్రి, ఇక్కడి మిత్రుడు వాంగ్యల్ ఒకే గిన్నెలో ఛాంగ్ అనే బార్లీ కల్లు తాగి ఆ మాట ఇచ్చుకున్నారు. సంత దాటి వాంగ్యల్ ఊళ్లోకి పోవడానికి హయాత్ సింగ్‌కు అనుమతి లేదు. ఉన్ని లేకపోతే ఈ చలికాలం ఇంట్లో మగ్గం ఆడదు. అయినా బెల్లం వేరెవరికీ ఇవ్వకుండా, వాంగ్యల్ మనిషి వస్తాడని గోడవారనే కూర్చున్నాడు.

మేనల్లుడు పుష్కర్ కంచరగాడిదల మీద ఉన్ని మూటలు బిగిస్తున్నాడు.

"అమ్మేయ్ మామా. ఆ ముసలాడు పెళ్లికొడుకులా ముస్తాబై వస్తాడనా?"

"నీతోనే కదరా కబురు పంపాను. ఎవరికి చెప్పావు?"

"చెప్పాల్సినవాళ్లకే చెప్పాను."

పది దాటాక ఒకామె వచ్చింది. వాంగ్యల్ కూతురు యుద్రోన్. తండ్రి వసంతంలో పోయాడని చెప్పింది.

"మరి ఉన్ని?"

"ఎప్పుడో ఇచ్చేశాను కదా పెద్దయ్యా! మామ పంపాడని మీ మేనల్లుడే సంత దగ్గర తీసుకున్నాడు. బెల్లం వెనకాల వస్తుందన్నాడు. అది రాలేదనే వచ్చాను."

హయాత్ సింగ్ లేచాడు. పుష్కర్ తాడు ముడి వదల్లేదు.

"ఎక్కడికి పోయింది మామా, ఇంటికేగా!"

"ఎవరింటికిరా? మీ ఇంటికా, మా ఇంటికా?"

పుష్కర్ గాడిదల్ని అదిలించి కదిలాడు.

హయాత్ సింగ్ బస్తాలను యుద్రోన్ ముందుకు జరిపాడు. "ఇవి మీవే తల్లీ. మొదట్నుంచీ మీవే."

ఆమె పై అంగీలోంచి ఒక ఉన్ని చుట్ట తీసింది. "ఒక్క గొర్రెది. మిత్రుడి దగ్గరికి వట్టి చేతుల్తో రాకూడదని తెచ్చాను."

హయాత్ సింగ్ ఆ చుట్టను బస్తాల మీద పెట్టాడు. "మీ పిల్లలకే బూట్లు కుట్టు."

ఇక బయల్దేరమని కాపలావాళ్లు ఈల వేశారు. హయాత్ సింగ్ తన రెండు గాడిదలను వట్టి జీనులతో తోలుకుని వెళ్లాడు. బస్తాలు మోసే జడలబర్రెను తేవడానికి యుద్రోన్ వెళ్లింది. బస్తాల మీద ఎర్ర దారంతో కట్టిన ఉన్ని చుట్ట ఉంది.