చేపల చెరువులో బూట్ లోడర్

మొరాకోత్ తుఫాను వరద మా ఊరు జియాదోంగ్‌ని ముంచిన ఏడాది, చలికాలం. మా చేపల చెరువులో నీళ్లు చిలికి గాలి కలిపే చక్రాలను తిప్పేది గట్టు మీది గదిలోని లినక్స్ కంప్యూటరు. చేతి మీటలు వరదకు పోయాయి, మళ్లీ పెట్టించలేదు.

ఒక ఆదివారం మా అల్లుడు ఖాయ్-బున్ పాటలు పాడుకోవడానికని అందులో ఇంకో సిస్టం ఎక్కించాడు. ఆపి మళ్లీ పెడితే కొత్తదే లేచింది. పాతది లేవలేదు. చక్రాలు ఆగాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

ఆ కంప్యూటరు పెట్టిన లియెన్-హాని పిలిచాను. హెల్మెట్టు తియ్యకుండానే చూసింది.

"బూట్ లోడర్ పోయింది మామా. మీట నొక్కగానే లినక్స్‌ని తట్టి లేపేది అదే. దాని కుర్చీలో కొత్తది కూర్చుంది. మళ్లీ ఎక్కిస్తే సరి."

సంచిలోంచి డిస్కు తీసింది. కంప్యూటరు నెత్తి చూసి ఆగింది. "పొట్లం ఏది?"

మా వైపు నమ్మకం అది: యంత్రం బుద్ధిగా ఉండాలంటే దాని మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉండాలి. వేరే రంగు పనికిరాదు. తేదీ దాటకూడదు. ఎవరూ తినకూడదు.

అల్లుడి చొక్కా మీద పొడి ఉంది.

"తేదీ దగ్గరపడిందని తిన్నా అత్తా."

"తిన్నది పొట్లం కాదు నాయనా, మా చెరువు!" అంది మా ఆవిడ. స్కూటరు మీద కొట్టుకెళ్లి పసుపు పొట్లం తెచ్చింది. "ఇదే ఉందిట."

"పసుపా? మిగిలింది కూడా పోతుందత్తా. నేను ముట్టను" అంది లియెన్-హా.

"చేపలు చస్తున్నాయి" అన్నాను.

మా ఆవిడ స్కూటరు తిప్పింది. టీ తాగేంతలో ఆకుపచ్చది తెచ్చింది. లియెన్-హా దాన్ని రెండు చేతులా కంప్యూటరు మీద పెట్టింది. డిస్కుతో యంత్రాన్ని లేపి, పాత సిస్టంలోకి దూరి, బూట్ లోడర్‌ని మళ్లీ రాసింది. డిస్కు తీసి మీట నొక్కింది. తెర మీద రెండు సిస్టంల పేర్లూ వచ్చాయి, పైన లినక్స్. చక్రాలు నీళ్లను చరిచాయి. చేపలు కిందికి దిగాయి.

"కొట్లో లేదన్నావుగా, ఇదెక్కడిది?" అన్నాను.

"వరదనీళ్లు తోడే పంపుహౌసులో, కంప్యూటరు మీద ఉంటే తెచ్చా. ఊరికే తేలేదులే, పసుపుది అక్కడ పెట్టి వచ్చా."

లియెన్-హా కుర్చీలో కూలబడింది. అల్లుడు బయటికెళ్లి మబ్బు చూసొచ్చాడు.

మర్నాడు పొద్దున తుంపర. పక్క ఊరు ఫాంగ్‌లియావ్ దాకా వెళ్లి ఆకుపచ్చ పొట్లం కొన్నాను. పంపుహౌసులో పసుపుది తీసి అది పెట్టి, తుంపర ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.