పేరు చెప్పని గొంతు

ఇది నా గొంతేనా, ఇంత కీచుగా ఉంటుందని ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారైనా అనలేదే, బల్ల మీది చిన్న స్పీకర్లోంచి నేనే మాట్లాడుతున్నాను, కిటికీ పక్క బెంచీలో నేనే కూర్చుని వింటున్నాను, ఉంగరాల జుట్టమ్మాయి బోర్డు ముందు నిలబడి తన ఫోన్ వంక చూస్తోంది గానీ నా వంక చూడదు, చూడకూడదు, ఈ తరగతి పద్ధతి అది, ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా మాట్లాడించి రికార్డు చేసి తెండి, ఆవిడ పేరు మాత్రం బయటపెట్టొద్దు అన్నారు మేడమ్, ఈ పిల్ల ఉండేది హాస్టల్లో, మా వాళ్ళు చాలా దూరం ఆంటీ, ప్లీజ్ ఆంటీ, మీరే ఏదో ఒకటి చెప్పండి అని చెయ్యి పట్టుకుంటే పొంగిపోయాను, తోటి విద్యార్థిని నన్ను సాయమడిగిందని ఇంటికి పిలిచి టీ పెట్టిచ్చాను, మరి నేనెవర్ని రికార్డు చెయ్యాలి, మా ఇంట్లో నాకన్నా పెద్దవాళ్ళు లేరండీ అంటే, ఫరవాలేదమ్మా, మీకు మినహాయింపు అని నవ్వారు మేడమ్, అప్పుడైనా బుర్ర వెలగలేదు నాకు.

భాషలు, సంస్కృతులు, జెండర్ అని కోర్సు పేరు చదివి వినిపిస్తే కోడలు ఒకటే నవ్వు, మాట్లాడ్డం మీకు ఇంకా కొత్తగా నేర్పాలా అత్తయ్యా, మీ నోటికి జడిసేగా నేను ఉద్యోగం చూసుకున్నది అని, నవ్వితే నవ్వింది గానీ సంచీ కొనిపెట్టింది, మనవరాలి పలక మీద మొదట అక్షరాలు దిద్దిన నాటి నుంచి నాకు కావలసింది ఒకే ఒక్క సంగతి రాయడం, ఆయన పోయాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక ఆయన కుర్చీలో కూర్చున్నాను, అంతకుముందు దుమ్ము తుడవడమే తప్ప ఎప్పుడూ కూర్చోని కుర్చీ, కూర్చోగానే కడుపులోంచి ఏదో లేచింది, ఏడుపు కాదు, ఏడుపు కాకపోనూ లేదు, దానికి మాట దొరకలేదు, చదువుకుంటే దొరుకుతుందిలే అనుకున్నాను, పరీక్షల మీద పరీక్షలు కట్టుకుంటూ ఈ బెంచీ దాకా వచ్చాను.

ఆయన పోయాక మొదట ఏమనిపించింది ఆంటీ, అంటోంది స్పీకర్లో పిల్ల గొంతు, నేను కుర్చీ గురించి చెప్పాను, ఆ తర్వాత ఏమీ వినపడదు, కప్పు కింద పెట్టిన చప్పుడు, ఎక్కడో కుక్క అరుపు, మళ్ళీ ఏమీ లేదు, ఆపు, ఇక్కడ ఆపు అన్నారు మేడమ్, ఈ స్త్రీ మౌనంలో ఏముంది, ముందు బెంచీ కళ్ళద్దాల కుర్రాడు విముక్తి మేడమ్ అన్నాడు, కాదు, అణిగి ఉండే అలవాటు, కుర్చీ ఎక్కినా తప్పుచేసినట్టే ఉంది ఆమెకి అని ఇంకొకతె, ఒరేయ్, పాపం అది ప్రేమ కూడా కావచ్చుగా అని వెనకనుంచి ఎవరో, తెలివైన పిల్లలు, ఎంత శ్రద్ధగా నా గురించి పోట్లాడుకుంటున్నారో, ఒక్కరూ ఇటు తిరగరు, ఆ గొంతు ఎవరిదో గదిలో అందరికీ తెలుసు, నేను చెయ్యెత్తితే పద్ధతి తప్పినదాన్నవుతాను, ఎత్తినా ఏం చెప్పాలి, అది కాదు నాయనా అంటే మరేమిటో చెప్పండి అంటారు.

మరేమిటి, కళ్ళు మూసుకుని ఆ సాయంత్రంలోకి వెళ్ళాను, తలుపు వేశాను, చేతుల దగ్గర నునుపెక్కిన చెక్క, వెనక ఆయన తల నూనె మరక, అంతా అలాగే ఉంది, కూర్చోబోతే విముక్తి కూర్చుని ఉంది, పక్కకి జరగమంటే అణిగి ఉండే అలవాటు, దాని ఒళ్ళో ప్రేమ, కడుపులోంచి లేచిందేదో ఎంత పిలిచినా లేవదు, నిన్నటిదాకా మాట లేకపోయినా అది ఉండేది, గిన్నెలు తోముతున్నా బస్సులో నిలబడ్డా ఉండేది, ఇవాళ మాటలున్నాయి, మేడమ్ మూడింటినీ బోర్డు మీద వరసగా రాస్తున్నారు, రాసుకోండి, పరీక్షకి ముఖ్యం అంటున్నారు, నా పెన్ను దానంతటదే కదులుతోంది, గుండ్రంగా, తప్పుల్లేకుండా, ఇక రాయడానికి నా దగ్గర ఇవే ఉన్నాయి.