వినోద నడిపిన కిలోమీటర్లు

మెకానిక్ సాంబయ్య షెడ్డులో సుదర్శన్‌కు వేసిన స్టూలు మీద ఎవరో ఉమ్మిన గుట్కా మరక ఉంది. ఆయన జేబురుమాలు పరిచి అంచు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఆయన పాత ఫియట్. డ్యాష్‌బోర్డు కింద తలదూర్చిన సాంబయ్య ఒక్కొక్కటే బయటికి విసురుతున్నాడు. కొరికిన దూది, ఎలుక పెంటికలు, ఎండి అట్టయిన బల్లి. చివరికి, తెగిన స్పీడోమీటరు కేబుల్.

"ఇందుల ఎలుకలు సంసారమే పెట్టినయి సార్!" అని నవ్వి, సాంబయ్య అదే చేత్తో చాయ్ గ్లాసు అందించాడు. అంచున నల్లటి గ్రీజు వేలిముద్ర. సుదర్శన్ పట్టుకున్నాడు గాని తాగలేదు. గ్లాసు వెచ్చదనం మాత్రం చేతులకు హాయిగా ఉంది.

ఆ కేబుల్ ఆయన భార్య వినోద నడుపుతుండగా తెగింది. ములుగు బడిలో టీచరుగా ఉన్నన్నాళ్లూ ఆమె ఈ కారులోనే వెళ్లొచ్చింది. ఒకరోజు దారిలో మీటరు ముల్లు సున్నాకు పడిపోయింది. "ముల్లు లేకుంటే ఏమాయె, ఇంజను మోతే చెప్తది" అంది ఇంటికొచ్చి. ఆ వారమే మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. మీటరులో అంకెలు ఆమె ఆపిన చోటే ఉండిపోయాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ముల్లు కదలాలన్నారని ఇవాళ వచ్చాడు. ఆమె ఆగిన చోటు నుంచే తన ప్రయాణం మొదలవ్వాలి. ఆయనకు కావలసింది అంతే.

ఇంతలో డ్రిల్లు మోత వినిపించింది. కొత్త కేబుల్ ఒక కొస మీటరుకు బిగించి, రెండో కొస డ్రిల్లు నోట్లో పెట్టి తిప్పుతున్నాడు సాంబయ్య.

"ఏం చేస్తున్నవ్?"

"మీటరు ఎన్కకు తిప్పుతాన్న సార్, బండి తక్కువ తిరిగినట్టు అగుపడతది. అమ్మేటప్పుడు అందరికీ గిట్లనే చేస్త. మీరు అడగకముందే చేసిన, సూడుండ్రి!"

"అమ్ముతాన్నని నేనెప్పుడన్న చెప్పిన్నా? ఆపు!"

సుదర్శన్ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఎలుక పెంటికలకు రాని ఏవగింపు ఇది. ఎండలో, వానలో ఆమె నడిపిన దారిని ఎవరో గుట్కా నములుతూ చుట్ట చుట్టేస్తున్నారు.

"పాత బండికి ఎవలన్న కేబుల్ ఏపిస్తే అమ్మనీకే గద సార్! ఫికర్ చెయ్యకుండ్రి, ముందటికి తిప్పుత. ఎంత పెట్టమంటరో చెప్పుండ్రి."

"నువ్వు పెట్టేదేంది? రోడ్డు పెట్టాలె!"

ఆయన గొంతు అంత పెద్దదని సాంబయ్యకు ఇన్నాళ్లూ తెలియదు. కంగారులో డ్రిల్లు ఆపకుండానే పక్కకు జరిగాడు. టప్పుమంది. కొత్త కేబుల్ మెలిపడి తెగిపోయింది.

సుదర్శన్ వంగి మీటరు అద్దంలోకి చూశాడు. అవే అంకెలు. ఒక్కటీ కదల్లేదు.

"గ్రీజు ఎండి పట్టేసింది సార్," సాంబయ్య గొణిగాడు. "గందుకే తిరగలే."

ఎండిన గ్రీజు కాపాడింది. అలాంటి మురికినే ఇందాక ఆయన అసహ్యించుకున్నాడు.

తర్వాత మీటరు విప్పి, అంకెల చక్రాలు కదలకుండా కుట్టుమిషన్ నూనె చుక్కలు వేయించాడు. ఇంకో కేబుల్ గేరుబాక్సు నుంచి మీటరుకు బిగించేదాకా పక్కనే నిలబడ్డాడు. డ్రిల్లును కాలితో అవతలికి నెట్టాడు. చాయ్ తాగలేదు. రుమాలు స్టూలు మీదే వదిలేశాడు.

ములుగు రోడ్డు ఎక్కాక ముల్లు వణికి లేచింది. చివరి చక్రం మెల్లగా జరిగి, వినోద ఆపిన అంకె పైకి పోసాగింది. గుట్కా వాసన ముక్కు వదల్లేదని కిటికీ దించాడు. వెనక లారీ హారన్ కొడుతోంది. ఆ అంకె పూర్తిగా మారేదాకా ఆయన స్పీడు పెంచలేదు.