పడవ వాటా

ఆ కాగితం పట్టుకుని అన్న ఇంటికి రావడానికి దుర్గ మూడు వారాలు వెనకాముందాడింది. అది వీలునామా. తను పోయాక రిటైర్మెంటు డబ్బంతా శ్రీకాకుళం యూనివర్సిటీకి చెందాలని, దాంతో సముద్రపొడ్డు ఊళ్ల ఆడపిల్లలకి హాస్టలు ఫీజులు కట్టాలని అందులో ఉంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఇదేమిటని అడిగేవాడు అన్న ఒక్కడే. ఇద్దరు సాక్షుల్లో ఒకరు అన్నే కావాలని పట్టుబట్టిందీ తనే. సాక్షికి వాటా ఉండకూడదని ప్లీడరు ముందే చెప్పాడు. అంటే అన్న సంతకం పెడితే, నాకేమీ వద్దన్నట్టే. పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. కానీ మళ్లీ ఏ మొహం పెట్టుకుని ఈ గుమ్మం తొక్కడం? ఆమె భయమల్లా అదే.

అన్న ధనరాజు తన ఇంటి ముందు కూర్చుని, చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించుకుని అల్లుతున్నాడు. ఆయన కోపానికి ముక్కు మీదే కాపురం. కాగితం చదివించుకుని విన్నాడు. వలదారం పళ్లతో పుటుక్కున తెంపాడు.

"అయితే నాను పరాయోడినేటే? రేపు నా కొడుకు భాస్కరు ఏటనుకుంటాడు? అయినోళ్లకి ఆకుల్లో, కానోళ్లకి కంచాల్లో అని ఊరికే అన్నారేటి!"

దుర్గకి మనసు చివుక్కుమంది. అయినా గొంతు పెంచలేదు.

"అన్నియ్యా, వేట నుంచొచ్చినాక సేపలు ఎన్ని వాటాలేస్తావు?"

"ఎక్కినోళ్లకి తలా ఒకటి. పడవకొకటి."

"పడవ తింతాదేటి? దానికెందుకు?"

"పిచ్చిదానా! పడవ వాటా కూడా మనమే తినీస్తే, అది పాడైన్నాడు దేంతో బాగుసేస్తాం? దేని మీదెల్తాం?"

"మరి నీకు ఇంజను కొన్నాను. భాస్కర్ని ఐటీఐ సదివించినాను. ఎక్కినోళ్ల వాటాలు ఇచ్చీసినాను. పదో తరగతితో అటెండరుగా ఎల్లినదాన్ని. పని సేస్తన్నప్పుడే నా సేత బీఏ కట్టించి, లైబ్రరీలో కుర్సీ ఏసి కూకోబెట్టింది ఆ యూనివర్సిటీ. నా పడవ అదే అన్నియ్యా. నా ఎనక ఎక్కీవోళ్లున్నారు."

ధనరాజు మళ్లీ వల అందుకున్నాడు. రెండు వరసలు అల్లాడు. మూడో వరసలో చెయ్యి ఆగింది.

"పడవ పేరేటని రాసినావు?"

"పేరా? ఏటీ రాయలేదు."

"ఈ ఒడ్డున పేరు లేని పడవుందేటే? అమ్మ పేరు రాయి. తట్ట నెత్తినెట్టుకుని, సేపలమ్మి, నిన్ను పదో తరగతి దాకా మోసింది అదే కదా."

దుర్గకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్ని పేజీల వీలునామాలో అమ్మ ఊసే లేదు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. పెన్ను తీసి, 'మా అమ్మ కూర్మమ్మ పేరున' అని రాసి తన సంతకం పెట్టింది.

ధనరాజు చేతులు లుంగీకి తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కింద తన పేరు రాశాడు.

"ఆ హాస్టలు గోడ మీద అమ్మ పేరు రాయిస్తే పెద్దచ్చరాలు రాయించమను. ఒడ్డుకి కనపడాల," అన్నాడు.