రాతిలో మెటికలు

ఉప్పక్క రాయికి పళ్ళు తోముతోంది. ఆ మాట కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయిది. పళ్ళాసుపత్రిలో పనిచేస్తూ, నోరే లేని రాయిని బ్రష్షు పెట్టి రుద్దే మనిషిని చూస్తే ఎవరికైనా ఆ మాటే వస్తుంది. ప్లాస్టిక్ టబ్బులో ఉప్పునీళ్ళు, అందులో మునిగి గుమ్మడికాయంత రాయి, దాని మీద కుచ్చు మెత్తబడిపోయిన పాత బ్రష్షు. సముద్రంలోంచి వచ్చిన ఆ రాయికి ఒళ్ళంతా చిల్లులే. ఒక పక్క ఊదారంగు పొర పట్టింది. ఇంకో పక్క సన్నటి పురుగుల గూళ్ళు, సందుల్లో పచ్చటి నాచు. నాచును లాగెయ్యాలి, పురుగుల జోలికి పోకూడదు. కుళాయి నీళ్ళయితే అసలు తగలనివ్వకూడదు. తగిలితే లోపలి ప్రాణాలన్నీ చచ్చి మర్నాటికి హాలంతా కంపు కొడుతుంది.

"పేరుకి రాయేగానీ, చంటిపిల్లని సాకినట్టు సాకాలే దీన్ని," అనేవాడు ఆమె భర్త. ఆసుపత్రి హాల్లోని చేపల తొట్టినీ, అందులో ఉండే ఈ రాయినీ చూసుకునే పని ఆయనది. తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, బస్సులో ఆ రాయిని తెచ్చింది కూడా ఆయనే. అప్పట్లో ఆమె ఇదే ఆసుపత్రిలో నేల తుడిచేది. ఆయన పోయాక గాజుతొట్టి ఆమె చేతికొచ్చింది. చేతులకెప్పుడూ తెల్లగా ఉప్పు అంటుకుని ఉండేసరికి ఉప్పక్క అయింది. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు.

పని అయ్యాక ఆయన తొట్టి పక్కన స్టూలు మీద కూర్చుని మెటికలు విరుచుకునేవాడు. తనవి అయ్యాక ఆమె చెయ్యి లాక్కుని ఆమె వేళ్ళూ ఒక్కొక్కటే విరిచేవాడు. "ఊరందరి మీదా కోపం నీ వేళ్ళలోనే దాచుకున్నావేంటే," అని నవ్వేవాడు. తనంతట తను ఎంత లాగినా ఆమె వేళ్ళు పలికేవి కావు. ఆయన పోయాక వాటిని పలికించిన వాళ్ళు లేరు.

ఆయన పోయిన కొత్తలో ఒకరోజు ఆమె ఆ స్టూలు మీద కూలబడితే, నీళ్ళలోంచి వినిపించింది. టక్. కాసేపాగి మళ్ళీ, టక్. ఆయన ఉన్నప్పుడు కూడా ఆ చప్పుడు ఉండేదేమో, ఆమె చెవిన పడలేదంతే. చేపల షాపాయన్ని అడిగితే, లోపల రొయ్యలాంటిదేదో కాపురం పెట్టిందని, పీతకున్నట్టు ఒక డెక్క పెద్దదిగా ఉంటుందని, దాన్ని మూస్తే అలా మోగుతుందని చెప్పాడు. ఉప్పక్కకు మతి పోలేదు. రొయ్యని రొయ్య అనే అనుకుంది. అయినా చప్పుడైనప్పుడల్లా నోటివెంట "ఆఁ, వస్తున్నా" అనే మాట వచ్చేసేది.

ఆ తర్వాతే చేపలు తగ్గడం మొదలైంది. రాత్రి ఉన్న చేప పొద్దున ఉండేది కాదు. తింటున్నది రాతిలోని ఆ రొయ్యేనని ఆమెకు తెలుసు. డాక్టరుగారు అడిగితే ఎగిరి బయట పడిందని ఒకసారి, ముసలిదైపోయిందని ఒకసారి నోటికొచ్చిన అబద్ధం చెప్పింది. పెద్దాయన నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో తెలియదు. ఇవాళ మాత్రం వస్తూనే టబ్బు దగ్గర ఆగాడు.

"సాయంత్రం కొత్త చేపలొస్తున్నాయమ్మా. లోపల ఉన్నదాన్ని ఇవాళ తీసెయ్యి. నీవల్ల కాకపోతే చెప్పు, షాపువాళ్ళు రాయినే పట్టుకెళ్ళి ఎండలో పడేస్తారు."

"నేనే తీస్తానండీ," అంది ఉప్పక్క.

ఎండలో పెడితే అది ఉత్త రాయే. ఆయన సాకినదంతా పోతుంది. రాయి దక్కాలంటే చప్పుడు పోవాలి. ఈ రెంటిలో ఏది పోయినా ఆయనే ఇంకోసారి పోయినట్టుంటుందని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. తొట్టి అద్దాలు తుడిచింది, తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచింది. కొత్త నీళ్ళలో ఉప్పు కలిపింది. బుగ్గ వాచిన పాప ఒకతి అద్దానికి ముక్కు ఆనించి, "చేపలేవి?" అని అడిగితే, "ఊరెళ్ళాయమ్మా," అంది. మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యేదాకా అలా తాత్సారం చేసింది.

తాత్సారం చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. షాపాయన చెప్పినట్టే ఒక గిన్నె పెట్టింది. పక్కన గాజు సీసాలో తొట్టినీళ్ళు పోసి ఉంచింది. చిల్లులో సోడా పోస్తే అది ఉండలేక బయటికి దూకుతుందనీ, దూకగానే తీసి ఉప్పునీళ్ళలో వెయ్యాలనీ, ఆలస్యం చేస్తే బతకదనీ ఆయన మరీమరీ చెప్పాడు. చంపాలని ఆమెకు లేదు. సీసాలో ఇంటికి తీసుకుపోయి కిటికీ దగ్గర పెట్టుకుందామని పొద్దుటినుంచీ లోలోపల అనుకుంటూనే ఉంది. రాయిని గిన్నె మీదికెత్తి పెద్ద చిల్లులో సోడా వంచింది. నురగతోపాటు అది జారి గిన్నెలో పడింది.

చిటికెన వేలంత లేదు. గోధుమరంగు ఒళ్ళు, ఒంటిని మించిన డెక్క. ఇన్నాళ్ళ చప్పుడూ ఇంత ప్రాణిదా అని ఉప్పక్క వంగి చూసింది. వెంటనే తియ్యాలని తెలుసు. కానీ ఒక్కసారి, కళ్ళ ముందు, అది ఎలా కొడుతుందో చూడాలనిపించింది. "ఏదీ, ఒక్కసారి," అంది మెల్లగా. అది డెక్క ఎత్తింది. ఉప్పక్క ఇంకాస్త వంగింది. డెక్క అలాగే వాలిపోయింది. అప్పుడు కంగారుపడి సీసాలో వేసింది గానీ, అది పక్కకు తిరిగి మెల్లగా అడుక్కి దిగి ఇంక కదల్లేదు.

రాయిని తొట్టిలో దాని చోట్లో పెట్టేసింది.

పొద్దుగూకేవేళ డాక్టరుగారు చేపల సంచీ పట్టుకుని వచ్చి సీసాలోకి చూశాడు. "ఇంతేనా? ఇదేనా మన చేపలన్నీ తినేసింది?"

"ఇదేనండీ. చేపలు ఎగిరి పడలేదు. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసులేమ్మా. సరే, వీటిని వదిలెయ్యనా?"

ఆమె జవాబిచ్చేలోగా రాతిలోంచి వినిపించింది. టక్.

కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. మునుపటికంటే త్వరగా, ఒకదాని వెంట ఒకటి.

"వద్దండీ," అంది ఉప్పక్క. "ఇంకోటుంది. ఇది జంటండీ. రేపు దాన్నీ తీస్తాను. ఇవాళ నాకు చేతులు రావు."

డాక్టరుగారు ఆమె చేతులకేసి చూశాడు. "రేపు కాకపోతే ఎల్లుండి," అని చేపల సంచీని బక్కెట్లో పెట్టించి, లైట్లు ఒక్కొక్కటే ఆర్పించి వెళ్ళిపోయాడు.

ఉప్పక్క స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు తనకోసమే అనుకుంది. ఆ రాతిలో అవి రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటుంటే, మధ్యలో తను "వస్తున్నా" అంటూ వచ్చింది. ఇప్పుడు లోపల ఒక్కటే పిలుస్తోంది. జవాబు లేని పిలుపు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. దానికేదో జవాబు ఇవ్వాలనిపించి, తన వేళ్ళు తనే ఒక్కొక్కటే గట్టిగా లాగింది. ఒక్కటీ పలకలేదు.

రాతిలోంచి చప్పుడు వస్తూనే ఉంది. ఈసారి ఆమె వస్తున్నా అనలేదు. జంట దగ్గరికి చేరుద్దామన్నా, చచ్చినదాన్ని తొట్టిలో వెయ్యకూడదు, నీళ్ళు పాడవుతాయి. ఆ సంగతి ఆయనే నేర్పాడు. అందుకని స్టూలును తొట్టికి దగ్గరగా జరిపి, సీసాను దాని మీద పెట్టి, తలుపు వేసి ఇంటికి వెళ్ళిపోయింది.

చీకటి హాల్లో, తొట్టి అద్దానికి ఆనుకుని, మూత పెట్టని సీసా.